పులుసు చట్టి, మిసో గిన్నె

నెల్లూరు చేపల పులుసు వండిన పూట తినేది కాదు. సాయంత్రం చట్టి దించాలి. మామిడికాయ ముక్క మెత్తబడాలి, పులుపు చేపలోకి దిగాలి, రాత్రంతా ఊరాలి. తెల్లారి దోశలోకో ఇడ్లీలోకో చద్దన్నంలోకో వేసుకున్నప్పుడే అది నెల్లూరు పులుసు. ఆశ పట్టలేక రాత్రే గరిటె పెట్టబోతే మా అమ్మ "ఇంకా ముక్కకి పట్టలా, ముట్టుకోబాకండి" అని చట్టి మీద మూత పెట్టేసేది.

ఈ సంగతిని మేం ఎప్పుడూ రుచి కింద చెప్పుకున్నామే గానీ వేళ కింద చెప్పుకోలేదు. వండేది ఒక పూట, తినేది ఇంకో పూట. పొద్దున ఆరింటికల్లా కంపెనీ బస్సు ఎక్కాల్సిన మనిషికి ఇంతకన్నా అక్కరకొచ్చే ఏర్పాటు ఇంకేముంటుంది?

మా వదిన ఎక్కేది అట్టాంటి బస్సే. సూళ్ళూరుపేట, నాయుడుపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా చీకటుండగానే ఆడవాళ్ళు రోడ్డు పక్కన గుంపులుగా నిలబడి ఉంటారు. చేతిలో టిఫిన్ క్యారియర్, మెడలో ఐడీ కార్డు. తడ పక్క మాంబట్టులో బూట్ల ఫ్యాక్టరీ, అక్కడికి దగ్గర్లోనే శ్రీసిటీ కంపెనీలు. ఉత్తరానికొస్తే ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలు, గుంటల వెనకే రొయ్యలు వలిచి ఐసులో పెట్టి పంపే ప్లాంట్లు. ఒక తరం కిందట ఈ తీరాన ఆడవాళ్ళకు ఉన్న పనులు నాట్లు, కలుపులు, చేపల గంప. ఇప్పుడు వాటితోబాటు షిఫ్టులు వచ్చాయి.

ఇద్దరూ షిఫ్టుకి పోయే ఇంట్లో వంట ఎవరి షిఫ్టు? కేంద్ర ప్రభుత్వం 2019లో చేయించిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. "చేసే మగవాళ్ళు" అన్న మాట ఊరికే అనలేదు. నూటికి 26 మంది మగవాళ్ళే ఆ లెక్కలోకి వచ్చారు. ఆ 26 మందిలో నేనూ ఉన్నానని చెప్పుకునే ధైర్యం నాకు లేదు.

ఖాళీ పడిన చోట కర్రీ పాయింట్ వచ్చింది. ఇంట్లో కుక్కర్లో అన్నం పడేసి, వీధి చివర రెండు కూరలు, ఒక సాంబారు కట్టించుకోవడం. కర్రీ పాయింట్లను తిట్టడం పత్రికల్లో రాసేవాళ్ళకు తేలిక. పన్నెండు గంటలు బయట ఉండి వచ్చిన ఆడమనిషికి ఆ ప్లాస్టిక్ కవరు ఎంత ఊరటో తిట్టేవాళ్ళకు తెలీదు. నా ఫిర్యాదు వేరే. కొనుక్కొచ్చిన కూరలో ఉప్పూ నూనే ఎంత పడాలన్నది మన చేతిలో ఉండదు. పైగా చారెడు కూరకి కుండెడు అన్నం కలుపుకోవలసి వస్తుంది. అన్నం ఎక్కువ, కూర తక్కువ, ఉప్పు మాత్రం సమృద్ధి. సన్నబియ్యం తినే మా తీరప్రాంతపు కంచం చాలా కాలంగా ఇదే. కర్రీ పాయింట్ దానికి ఇంకొంచెం తోడయింది, అంతే.

ఉప్పు దగ్గరికొచ్చాం కాబట్టి పోలిక కోసం చాలా దూరం పోదాం.

జపాన్‌లో నగానో అని ఒక రాష్ట్రంలాంటి ప్రాంతం ఉంది. సముద్రమే తగలదు, చుట్టూ కొండలు. చలికాలం మంచు కింద పొలాలు కూరుకుపోతాయి. అందుకని ఆకుకూర పండిన రోజుల్లోనే ఉప్పులో ఊరబెట్టి పెట్టుకుంటారు. నొజవన అని వాళ్ళ ఊరగాయ ఆకు. మిసో అంటే సోయా గింజలను ఉప్పుతో మాగబెట్టిన ముద్ద. దాన్ని వేడినీళ్ళలో కలిపి రోజూ పూటపూటా గిన్నెడు సూపు తాగుతారు. ఇంటికెవరైనా వస్తే మనం కాఫీ ఇచ్చినట్టు వాళ్ళు టీ ఇచ్చి, పక్కన చిన్న పళ్ళెంలో ఊరగాయ పెడతారు. మర్యాదంతా ఉప్పులోనే ఉంటుంది. ఆవకాయ జాడీ లేని ఇల్లు ఇల్లే కాదనుకునే మనకు దీంట్లో వింతేమీ కనపడదు.

1951 నుంచి 1980 దాకా జపాన్‌లో మనుషుల్ని ఎక్కువగా తీసుకుపోయిన జబ్బు మెదడుపోటు. నగానో ఆ బాధ బాగా పడ్డ ప్రాంతాల్లో ఒకటి. అక్కడి సకు అనే చోట ఒక చిన్న ఆసుపత్రికి 1945లో వకత్సుకి తొషికజు అనే డాక్టరు వచ్చాడు. రోగులు తన దగ్గరికి వచ్చేసరికే ఆలస్యమవుతోందని గ్రహించి, సిబ్బందితో కలిసి తనే పల్లెలకు పోయాడు. పోయి ఉపన్యాసాలతో సరిపెట్టలేదు, నాటకాలాడాడు. రోగం ఎట్టా వస్తుందో వేషం కట్టి చూపించాడు. 1976లో ఆయనకు రామన్ మెగసెసె అవార్డు ఇచ్చారు. పుచ్చలపల్లి సుందరయ్యగారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి పేరుతో ప్రజావైద్యశాల ఉన్న నెల్లూరులో ఇట్టాంటి డాక్టరు ఎట్టా ఉంటాడో ఊహించుకోవడం కష్టం కాదు.

అయితే నగానోని మార్చింది డాక్టర్లు ఒక్కళ్ళే అనుకుంటే పొరపాటు. 1945లోనే అక్కడి తకాహో అనే ఊళ్ళో, ఒంటరిగా తిరుగుతున్న ఆరోగ్య నర్సును చూసి, ఆమె పనిలో తామూ ఓ చెయ్యి వేస్తామని ఊరి ఆడవాళ్ళు ముందుకొచ్చారు. అది తక్కిన ఊళ్ళకూ పాకింది. ఒక్కొక్కరికీ రెండేళ్ళ వంతు. ఆ రెండేళ్ళూ నేర్చుకోవడం, ముందు తన ఇంట్లో చేసి చూడటం, ఆ తర్వాత ఇరుగుపొరుగుకి చెప్పడం. వంతు అయిపోగానే ఇంకొకరు. దశాబ్దాలు తిరిగేసరికి ఏ వీధిలో చూసినా ఒకప్పుడు ఆ వంతు చేసిన అవ్వలే.

1980ల మొదట్లో ఉప్పు తగ్గించే ఉద్యమం మొదలైనప్పుడు ఈ ఆడవాళ్ళు, వంటల మెరుగుకోసం పనిచేసే ఇంకొందరు కలిసి, ఉప్పదనం కొలిచే చిన్న మీటరు పట్టుకుని ఇళ్ళకు పోయారు. "మీ సూపు కొంచెం పోయండమ్మా" అని అడిగి, మీటరు ముంచి, అంకె చూపించారు. ఉప్పు తగ్గించమని చెప్తే ఎవరూ వినరు, మా ఇంట్లో తక్కువే అంటారు. ప్రతి ఇల్లాలికీ తన చెయ్యి సరైనదే. అంకె చూపిస్తే మాత్రం వాదించడానికి ఉండదు. అడిగింది కూడా పక్కింటావిడే, కాబట్టి తలుపేసుకోవడానికీ ఉండదు.

ఆ తర్వాత వాళ్ళు చెప్పిన ఉపాయమే నాకు బాగా నచ్చింది. మిసో మానెయ్యమని చెప్పలేదు. నీళ్ళు పోసి పలచన చేసుకోమని కూడా చెప్పలేదు, చప్పటి సూపు ఎవరు తాగుతారు? గిన్నెలో కూరగాయలు నింపమన్నారు. ముల్లంగి, క్యారెట్, క్యాబేజీ, పుట్టగొడుగులు, ఏది దొరికితే అది. గిన్నె అదే, నాలిక్కి తగిలే ఉప్పదనమూ అదే. కానీ గిన్నెలో సగం చోటు ముక్కలు ఆక్రమిస్తే రసం పట్టేది సగమే, రసంతో లోపలికి పోయే ఉప్పూ సగమే. కూరగాయల్లో ఉన్న పొటాషియం ఒంట్లోని ఉప్పు బయటికి పోవడానికి సాయం చేస్తుంది. ఆకలి కూడా ముక్కలతోనే సగం తీరుతుంది.

2010 లెక్కల్లో నగానో మగవాళ్ళ సగటు ఆయుష్షు 80.88 ఏళ్ళు, ఆడవాళ్ళది 87.18. రెండింటిలోనూ జపాన్‌లో మొదటి స్థానం. 2012 పోషకాహార సర్వేలో కూరగాయలు తినడంలోనూ వాళ్ళే ముందు, మగవాళ్ళు రోజుకి 379 గ్రాములు, ఆడవాళ్ళు 365. ఉత్తరాన ఉప్పు చేపలు, ఊరగాయలు బాగా తినే అవొమొరిలో మగవాళ్ళ ఆయుష్షు 2010లో 77.28. దేశం ఒకటే, మూడేళ్ళకు పైగా తేడా.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నగానో ఇప్పటికీ జపాన్‌లో ఉప్పు తక్కువ తినే ప్రాంతమేమీ కాదు. అక్కడి ముసలివాళ్ళు పొలాల్లో పనిచేస్తూనే ఉంటారు, కొండలెక్కి దిగుతారు, వాటి వాటా కూడా ఆ ఆయుష్షులో ఉండి తీరాలి. ఒక్క సూపు గిన్నెకే ఘనతంతా కట్టబెట్టేవాళ్ళను నమ్మను. అయినా అంత ఉప్పు అలవాటున్న జనం, అమ్మమ్మల నాటి వంటకం ఒక్కటీ వదులుకోకుండా, దాని లోపలి పాళ్ళు మార్చుకోగలిగారు. మా తీరానికి కావలసింది ఆ భాగం.

జపాన్ నుంచే ఇంకో మాట. దోయి యోషిహారు అని టీవీలో వంటలు చెప్పే పేరున్న మనిషి, ఆయన తండ్రి కూడా ఆ వృత్తిలోనే పేరు తెచ్చుకున్నాడు. జపాన్ భోజనమంటే అన్నం, ఒక సూపు, మూడు కూరలు ఉండాలని ఒక ఆనవాయితీ. ఉద్యోగాలకు పోయే ఆడవాళ్ళు అవన్నీ చెయ్యలేక, చెయ్యలేకపోతున్నామని లోపల కుమిలిపోవడం ఆయన చూశాడు. 2016లో ఒక పుస్తకం రాశాడు, దాని సారం పేరులోనే ఉంది: ఒక సూపు, ఒక వంటకం చాలు. అన్నం, ముక్కలు దండిగా వేసిన మిసో సూపు, కాస్త ఊరగాయ, ఇదే భోజనం అన్నాడు. సూపులో గుడ్డు కొట్టొచ్చు, నిన్నటి కూర పడెయ్యొచ్చు. ఇంటి వంట రోజూ అద్భుతంగా ఉండాల్సిన పని లేదన్నాడు. వంటలు నేర్పి బతికే మనిషి ఈ మాట అనడమే విశేషం.

మనకు పండగ వంట వేరు, రోజు వంట వేరు అని పెద్దవాళ్ళకు తెలుసు. ఈ మధ్య ఆ గీత చెరిగిపోయింది. ఫోన్ తెరిస్తే ప్రతి పూటా పెళ్ళి భోజనమే కనపడుతుంది. పప్పులో నెయ్యి వరద, బిర్యానీ మీద జీడిపప్పు. పప్పుచారు, అన్నం పెట్టిన తల్లి తనేదో తక్కువ చేసినట్టు పిల్లలకు సంజాయిషీ ఇచ్చుకుంటోంది. మా వదిన నోట నేను విన్నాను ఆ సంజాయిషీ. దోయి పుస్తకం ఆమె చేతికి ఇవ్వగలిగితే బాగుండనిపించింది. జపనీస్ ఆమెకూ రాదు, నాకూ రాదు.

మరి మన దగ్గర మిసో గిన్నెలాంటిది ఏది? నన్నడిగితే పులుసు, పప్పుచారు. రెండిట్లోనూ వాళ్ళ సూపుకు లేని ఒక బలం ఉంది, పులుపు. చింతపండో మామిడికాయో సరిగ్గా పడిన కూరకి ఉప్పు కొంచెం తగ్గినా నాలిక పట్టుకోదు. కాబట్టి ఉప్పు ముందే గుప్పించకుండా, పులుపు దిగి, పొయ్యి కట్టేసే ముందు రుచి చూసి వేసుకోవాలి. పప్పుచారులో రెండు ములక్కాడ ముక్కలు తేలితే అది చారు. అందులోనే సొరకాయ, వంకాయ, ముల్లంగి, రెండు ఎర్రగడ్డలు, పిడికెడు తోటకూర పడితే అది భోజనం. గరిటెతో ఎత్తితే ముందు ముక్కలు రావాలి, తర్వాత రసం రావాలి. కంచంలో అన్నం దానంతటదే తగ్గుతుంది.

ఇక ఎండు నెత్తళ్ళు. మిసో సూపుకి అడుగున వాళ్ళు వేసేది ఉత్త నీళ్ళు కాదు, దాషి అనే కషాయం. ఉన్నవాళ్ళ ఇళ్ళలో సముద్రపు నాచు, ఎండబెట్టిన చూర చేప తురుము. మామూలు ఇళ్ళలో నిబోషి, అంటే ఉడికించి ఎండబెట్టిన చిన్న చిన్న చేపలు. తలా పొట్టా తీసేసి రాత్రి నీళ్ళలో వేసి పెడతారు, పొద్దున ఆ నీళ్ళనే కాచుకుంటారు. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మైపాడు ఇసుకలో, ఇస్కపల్లి దారిలో ఎండేవి వాటి చుట్టాలే కదా. 1908లో టోక్యోలో ఇకెద కికునయె అనే శాస్త్రవేత్త సముద్రపు నాచులోంచి ఆ కమ్మదనానికి కారణమైన గ్లుటమేట్‌ని పట్టుకున్నాడు. 1913లో ఆయన శిష్యుడు కొదమ ఎండు చేపలోంచి ఇనోసినేట్ అనే ఇంకోదాన్ని పట్టుకున్నాడు. ఈ రెండూ ఒక గిన్నెలో కలిస్తే కమ్మదనం ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఉప్పు తగ్గించినా వెలితి తెలియదు. గ్లుటమేట్ పండిన టమోటాలో బాగా ఉంటుంది. ఇనోసినేట్ ఎండు చేపలో ఉంటుంది. నెత్తళ్ళు టమోటా పులుసు పెట్టుకునే మా తీరపు అవ్వలకు ఈ ఇద్దరు శాస్త్రవేత్తల పేర్లు తెలియకపోయినా కూర కుదిరింది.

వేటకు పోకూడని 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పల్లెల్లో ఈ ఎండు చేపలే ఆదరువు. పట్నంలో మాత్రం వాసనని చిన్నచూపు చూస్తారు. అపార్టుమెంటులో ఎండు చేప వేయిస్తే మూడో అంతస్తు వాళ్ళు కిటికీలేసుకుంటారు. అందుకే మా వదిన ఆదివారం పూట ఒకేసారి పని ముగిస్తుంది. నెత్తళ్ళు తలలు గిల్లి, ఉత్త బాణలిలో వేయించి, వేణ్ణీళ్ళలో ఇసుక పోయేదాకా రెండుసార్లు కడిగి, మళ్ళీ ఆరబెట్టి సీసాలో పోస్తుంది. చింతపండు గుజ్జు ఇంకో సీసాలో ఫ్రిజ్‌లోకి. మెంతులు, ధనియాలు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి మూడో సీసా. ఈ మూడూ ఉంటే రాత్రి ఎనిమిదింటికి బస్సు దిగి వచ్చినా, కూరగాయలు తరిగే వాళ్ళెవరైనా ఉంటే, ఇరవై నిమిషాల్లో పులుసు అయిపోతుంది. తరిగే వాళ్ళు ఎవరన్నది మా అన్నతో తేల్చుకోవలసిన విషయం. పోయిన నెల నుంచి ములక్కాడలు తరగడం దాకా వచ్చాడు. ముక్కలు జానెడేసి ఉంటున్నాయట.

ఎండు చేపలన్నీ ఒకటి కాదని కూడా చెప్పాలి. నెత్తళ్ళలాంటి చిన్నవాటిని చాలా చోట్ల ఉప్పు పట్టించకుండానే ఎండబెడతారు, ముళ్ళతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా. ఉప్పు దట్టించి ఎండబెట్టిన పెద్ద చేపల లెక్క వేరు. వాటిని నానబెట్టి ఆ నీళ్ళు పారబొయ్యాలి, కూరలో వేరే ఉప్పు వెయ్యకూడదు, రక్తపోటు ఉన్నవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. అట్టాగే రాత్రి పులుసుని తెల్లారిదాకా బయటే ఉంచే అలవాటు మా అమ్మ కాలానిది. చింతపండు పులుపు కొంతదాకా కాపాడుతుంది. కానీ మే నెల ఉక్కలో ఆ పులుపుని నమ్ముకోవడం మంచిది కాదు, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే. రుచికేమీ లోటు రాదు, అమ్మ ఒప్పుకోకపోయినా.

నగానో ఆడవాళ్ళు మీటరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారంటే, మన దగ్గర అట్టా ఎవరు తిరుగుతారు అని అడిగేవాళ్ళుంటారు. ఆ ప్రశ్న నెల్లూరు జిల్లాలో అడగకూడదు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో ఒక పాఠం చదివి, మెట్టప్రాంతపు దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రానివ్వలేదు. వాళ్ళను ముందుండి నడిపిన రోసమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకి రూపాయి పొదుపు చేసే సంఘాలు జిల్లాలో ఊరూరా పుట్టాయి. ఆ సంఘాలు ఇప్పటికీ నెలనెలా కూర్చుంటున్నాయి, బ్యాంకు వాయిదాల గురించి మాట్లాడుకుంటున్నాయి. అదే సమావేశంలో ఐదు నిమిషాలు ఎవరింటి ఉప్పు ఎన్నాళ్ళకి అయిపోయిందో చెప్పుకుంటే అప్పు పుస్తకమేమీ అలగదు. వంతు రెండేళ్ళుండాలి, మనిషి మారుతూ ఉండాలి. నగానో కిటుకు అదే. జీతానికి ఒక మనిషిని పెట్టి, ఆమె మీదే భారమంతా వేసి, ఆమె ఫోటో గోడకి తగిలిస్తే అది ఇంకో ప్రభుత్వ పథకం అవుతుంది.

మీటరు కూడా అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది. నలుగురున్న ఇంట్లో రోజుకి 20 గ్రాములు, నెలకి 600. కిలో ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాసి పెడితే సరి. నలుగురికి ఆ ప్యాకెట్ యాభై రోజులు రావాలి. నెలకే అయిపోతే తలకి రోజుకి ఎనిమిది గ్రాములు దాటుతున్నట్టు లెక్క. అది కూడా ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయలు, ఎండు చేపలు, బయట తిన్న తిండి కలపకుండా.

మా ఇంట్లో నలుగురం. ప్యాకెట్ మీద స్కెచ్ పెన్నుతో 1వ తేదీ అని నేనే రాశాను. 23వ తేదీకి డబ్బా అడుగు కనపడింది. లెక్కేసి తలకి పదకొండు గ్రాములని అమ్మకి చూపించాను. కాసేపు అంకె వైపు చూసి, "చేపలు రుద్ది కడిగిన ఉప్పు కూడా మా కడుపులోనే ఏసినావా? ఆ లెక్క తీసెయ్ నాయనా" అంది. న్యాయమే. మా ఇంట్లో వారానికి మూడు రోజులు చేపలు, రుద్దడానికి గుప్పెళ్ళు గుప్పెళ్ళు పోతుంది. ఈ నెల నుంచి చేపలు కడగడానికి రాళ్ళుప్పు వేరే డబ్బాలో పోసి దొడ్డి గట్టు మీద పెట్టాం. వంటింటి ప్యాకెట్ మీద కొత్త తేదీ పడింది. ఇవాళ్టికి పన్నెండో రోజు, ప్యాకెట్ ఇంకా సగం పైనే ఉంది. అమ్మ దాన్ని రోజూ ఒకసారి చేత్తో ఎత్తి చూసి, నాకేసి చూసి, మళ్ళీ గూట్లో పెట్టేస్తోంది.